యంత్రాలతో సహా నమ్మకం

చప్పుడు చేయకుండా దగ్గరికొచ్చే దేన్నీ నేను నమ్మను. మరీ మెత్తగా మాట్లాడే మనుషులన్నా, నూనె బాగా పోసిన తలుపులన్నా నాకు అనుమానమే. అలాంటిది ఆ ఎండాకాలం మొదట్లో మా ఆయన చేతికి అసలు చప్పుడే లేని కారొకటి వచ్చింది. కరెంటుతో నడిచేది. అంత గొప్ప కారు మా ఊళ్లో ఇంకెవరికీ లేదని, దాన్ని కొన్నవాళ్లను కంపెనీవాళ్లు పేరుపేరునా గుర్తుపెట్టుకుంటారని వీధిలో చెప్పుకున్నారు. నేను దానికి పిల్లి అని పేరు పెట్టాను.

కారు మాది కాదు, మా ఆయన యజమానిది. ఆయనకు సీసాల ఫ్యాక్టరీ ఉంది. ఇరవై రెండేళ్లుగా మా ఆయన ఆయన దగ్గరే డ్రైవరు. నేను మా ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాను. పిల్లల్లేరు. ఉన్నదల్లా నాకో తమ్ముడు, వాడు కూడా ఆ ఫ్యాక్టరీలోనే సీసాల్లో పగుళ్లు చూసి పక్కన పెట్టే పని చేసేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకు చెవులు వినపడవు. బొత్తిగా కాదు. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే సగం అందుతుంది. మిగతా సగం పెదాలు చూసి పట్టుకుంటారు. డ్రైవరు కాకముందు ఎనిమిదేళ్లు అదే ఫ్యాక్టరీలో, సీసాలు పోసే యంత్రాల మధ్య పనిచేశారు. అక్కడ పక్కవాడు అరిచినా వినపడదు కాబట్టి అందరూ ఒకరి పెదాలు ఒకరు చూసే మాట్లాడుకునేవాళ్లు. చెవులు అక్కడ వదిలేసి, ఆ విద్య ఒకటి నేర్చుకుని బయటికొచ్చారు. పాత కార్లో ఇంజను ఆడుతోందో లేదో అరచేతులకు తెలిసేది. వెనక సీట్లో యజమాని ఏమన్నాడో ముందున్న అద్దంలో తెలిసేది. పైగా ఆ కారు రొదకు యజమానే గొంతు పెంచి మాట్లాడేవాడు. ఇరవై రెండేళ్లలో ఆ కారుకు ఒక్క గీత పడలేదు. ఈ చెవుల సంగతి తెలిసింది ఇద్దరికే, ఆయనకూ నాకూ. మా తమ్ముడికి కూడా నేను చెప్పలేదు.

పిల్లి రావడానికి వారం ముందు, దాన్ని నడపడం నేర్పడానికి కంపెనీ మనిషొకడు అలాంటిదే ఇంకో కారుతో వచ్చాడు. మూడు రోజులు నేర్పాడు. అతను మాట్లాడినంతసేపూ మొహం కారు వైపే పెట్టుకున్నాడట, ఆ మెరుపు మీంచి చూపు తిప్పలేకపోయాడట. మా ఆయన మూడు రోజులూ తల ఊపి, చివర్లో ఒక పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చారు. నున్నటి కాగితం, బొమ్మలు, పైన పెద్ద అక్షరాలు: ఈ కారు నుంచి మీరు ఏమేమి ఆశించవచ్చు.

ఆయన కళ్లద్దాలు చిన్న అక్షరాలకు చాలవు. నేను ఎదురుగా కూర్చుని, నోరు బాగా విప్పి, ఒక్కో మాటా చదివాను. దగ్గరికెళితే తలుపు తనే తెరుచుకుంటుంది. డ్రైవరు మొహం చూసి గుర్తుపడుతుంది. అతని సీటు ఎత్తు, అతని అద్దాల వంపు, అన్నీ జ్ఞాపకం పెట్టుకుంటుంది. వెనక సీటు నడుము నొక్కుతుంది, పాదాలు వెచ్చబెడుతుంది. యజమానికి ఎండ పడితే కిటికీ అద్దం తనంతట తనే నల్లబడుతుంది. ఇంత సేవ చేసేది డ్రైవరు నుంచి ఏమి ఆశిస్తుందో మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆ మాటే అంటే మా ఆయన నవ్వారు.

ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎంత వేగంగా వెళుతున్నా వెనక సీట్లోని వాళ్లు గుసగుసగా మాట్లాడుకోవచ్చని రాశారు. అది కారు గొప్పట.

ఆయన నా పెదాలనే చూస్తున్నారు. "ఆపావేం? చదువు," అన్నారు.

చదివాను. ఆయన కాసేపు పుస్తకం అంచు సవరిస్తూ కూర్చున్నారు. తర్వాత పేజీ తిప్పమన్నారు.

కారు వచ్చాక చేతికి అలవాటు కావాలి, రెండు రోజులు ఊరంతా తిప్పమని యజమాని చెప్పాడు. ఆ తిప్పడంలో ఒక ఆదివారం మా వీధికి తెచ్చారు. నేను కాజా కుడుతూ తలెత్తేసరికి గుమ్మం ముందు ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వీధి వీధంతా కదిలొచ్చింది. ఎదురింటి వదిన ముక్కున వేలేసుకుంది. మా ఆయన కొత్త చొక్కాలో దిగి, దర్జాగా రెండడుగులు వేసి, నలుగురి మధ్య నిలబడ్డారు. వెనక కారు సన్నగా కూస్తోంది, ఆపడం మరిచిపోయావు అని. అందరికీ వినిపిస్తోంది, ఆయనకు తప్ప. నేను గబగబా ఆయనకు ఎదురుగా వెళ్లి, కారు పిలుస్తోంది అన్నాను. ఆయన క్షణం తెల్లబోయి, ఇలా కూస్తుందని మీకందరికీ చూపిద్దామనే వదిలేశాను అని నవ్వి వెళ్లి ఆపారు. వీధివాళ్లు కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

తర్వాత నన్ను వెనక సీట్లో, యజమాని చోట కూర్చోబెట్టి ఊరి చివరిదాకా తీసుకెళ్లారు. ఆ సీటు సుఖం గురించి నేను అబద్ధం చెప్పను, లేవబుద్ధి కాలేదు. కానీ ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అది మంచిది కాదు. చేతిసంచీ జిప్పు లాగితే ఆ చప్పుడు నాకే పెద్దగా తోచింది. అలాంటిచోట ఎవరికైనా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. నాకూ తగ్గింది. "ఇక్కడ కాసేపు ఆపండి," అన్నాను. కారు సాగిపోయింది. మళ్లీ అన్నాను. సాగిపోయింది. అప్పుడు ముందున్న అద్దంలో ఆయన కళ్లు కనిపించాయి. నా నోటిని వెతుక్కుంటున్నాయి.

ఆపాక అడిగాను. ఆ అద్దం నిజానికి అద్దం కాదట. వెనక రోడ్డును చూపించే తెర. కింద చిన్న మీట ఉందట, తిప్పితే మామూలు అద్దమవుతుంది. కంపెనీ మనిషి చెప్పకపోయినా తనే కనిపెట్టానని గర్వంగా చూపించారు. మరి వెనక రోడ్డు ఎలా కనిపిస్తుందని అడిగితే, పక్కనున్న రెండద్దాలూ చాలన్నారు.

ఆ రోజే చెప్పాను, యజమానితో ఉన్న సంగతి చెప్పేసి మానేయమని. ఈ కారు మీ గుట్టు బయటపెడుతుంది, నాకు నమ్మకం లేదు అన్నాను. ఆయన స్టీరింగు మీద చేతులు సర్దుకున్నారు.

"ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత వాళ్లే దండేసి పంపుతారు. ఇప్పుడు ఇది తీసేస్తే నాలో మిగిలేది చెవిటివాడొక్కడే," అన్నారు.

ఇంటికి వచ్చేశాం.

నెల రోజులు ఏ గొడవా లేకుండా గడిచింది. గొడవ లేకపోవడం కూడా నాకు నచ్చలేదు. రోజూ సాయంత్రం ఆయన మొహం చూసేదాన్ని, ఏమైనా జరిగిందేమోనని. ఎండలు బాగా ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన చాలా హుషారుగా వచ్చారు. బూట్లు విప్పకుండానే చెప్పడం మొదలుపెట్టారు. యజమాని కార్లో ఫోను మాట్లాడుతూ ఫ్యాక్టరీ గురించి చాలా గొప్పగా అన్నాడట. మనుషుల మీదే కాదు, యంత్రాల మీద కూడా నమ్మకమేనట.

ఏమన్నాడో సరిగ్గా చెప్పమన్నాను.

"నమ్మకం ఖాయం. యంత్రాలతో సహా. వానలు పడేలోపు," అన్నారు మా ఆయన, ఒక్కో ముక్కా వేలు మడుస్తూ. "ఇది నాలుగైదుసార్లు అన్నారు. పాతవాళ్లను ఎవర్నీ తీసెయ్యరు చూడు. మీ తమ్ముడితో చెప్పు, ఊరికే బెంగపడుతున్నాడు."

ఆయన స్నానానికి వెళ్లారు. నేను ఒక గౌను అంచు మడుస్తూ ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాను. యంత్రాల మీద నమ్మకమేమిటి? నమ్మకానికి గడువేమిటి? ఎక్కడైనా మనిషి మీద నమ్మకం వానలు పడేలోపు కుదుర్చుకుంటారా? ముప్పై ఏళ్లుగా ఆయన పెదాల చదువుతో కాపురం చేస్తున్నాను. ఎక్కడ జారుతుందో నాకు తెలుసు. కొలతలు చూసుకోవడానికి వచ్చినవాళ్ల కోసం ముందు గదిలో గోడకు నిలువెత్తు అద్దం ఉంది. లేచి దాని ముందు నిలబడ్డాను. గొంతు పలకకుండా, పెదాలతో మాత్రమే 'నమ్మకం' అన్నాను. తర్వాత అదే పద్ధతిలో 'అమ్మకం' అన్నాను. మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. అద్దంలో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ ముందున్న చిన్న అక్షరం నోటి లోపలే పుట్టి లోపలే పోతోంది, పైకి రావడం లేదు.

అమ్మకం ఖాయం. యంత్రాలతో సహా. వానలు పడేలోపు.

ఉద్యోగాలు పోతాయన్న పుకారు లేస్తే, అప్పటికి పదిరోజుల కిందటే యజమాని ఫ్యాక్టరీ ఆవరణలో అందర్నీ నిలబెట్టి, ఎవరూ ఎక్కడికీ పోనక్కరలేదు, ఇది మీ ఇల్లు అన్నాడు. ఆ మాట విని మా తమ్ముడు పక్క ఊళ్లోని పళ్లరసాల ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగాన్ని వద్దనడానికి సిద్ధమయ్యాడు. శనివారంలోపు జవాబివ్వాలి. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే, ఆయన కార్లో విన్నది కార్లోనే ఉండాలని పట్టుబట్టేవారు. అందుకే చెప్పలేదు. నా కాపురంలో నేను ఆయన దగ్గర కావాలని దాచిన సంగతి అదొక్కటే. శుక్రవారం తమ్ముడి ఇంటికెళ్లి, ఆ ఉద్యోగం వదులుకోకు అన్నాను. ఎందుకక్కా అన్నాడు. నీళ్లు నమిలాను. వాడు వదల్లేదు. చివరికి మూడు ముక్కలూ చెప్పేశాను. బావ చెప్పాడా అని అడిగాడు. బావకేమీ తెలియదన్నాను, అది నిజమే. ఎవరితోనూ అననని వాడు పిల్లల మీద ఒట్టు వేశాడు.

ఒట్టు వేసినవాడు సోమవారం దాకా ఆగాడు. వాడి పక్కన పాతికేళ్లుగా కూర్చునే మనిషికి ఒక్కడికే చెప్పాడట. బుధవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండు వందల మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. అరవలేదు, రాళ్లు వేయలేదు. పిల్లి చప్పుడు లేకుండా వచ్చి ఆగితే, యజమాని కిటికీ అద్దం దించితే, ఒక్క మాట అడిగారు: యంత్రాలతో సహా అమ్మేస్తున్నారట కదా?

యంత్రాలతో సహా. ఆ మాట యజమాని ఆఫీసులో అనలేదు, ఇంట్లో అనలేదు. కార్లో అన్నాడు.

మర్నాడు నా కుట్టు గదికి ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి మా వీధి తొక్కిన పాపాన పోలేదు. ఒక ప్యాంటు తెచ్చి పొడవు తగ్గించాలన్నాడు. కొలిచి చూస్తే అది అతనికి సరిగ్గా సరిపోయింది. తగ్గిస్తే చీలమండలు బయటపడతాయి. ఆ మాట నేను అనలేదు, అతను ఏమడుగుతాడో చూద్దామని సుద్దముక్కతో గీతలు గీస్తూ కూర్చున్నాను.

కొత్త కారు మీ ఆయనకు బాగా అలవాటైందా అన్నాడు. అయిందన్నాను. లోపల ఎంత ప్రశాంతమో కదా, సూది పడినా వినిపిస్తుందట అన్నాడు. నేనెప్పుడూ అందులో సూది పడేసుకోలేదన్నాను. ఇంటికొచ్చాక ఆఫీసు కబుర్లు చెబుతుంటారా అన్నాడు. మా ఆయనది పొదుపు నోరని, ఎండలెక్కువ అన్న మాట కూడా రోజుకొక్కసారే అంటారని చెప్పాను. అతను గది నాలుగు మూలలూ చూసి వెళ్లిపోయాడు. ప్యాంటు కోసం మళ్లీ రాలేదు.

శనివారం మిట్టమధ్యాహ్నం మా ఆయన నడిచి ఇంటికొచ్చారు. నడిచి రావడం చూసే నాకు అర్థమైంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మంచినీళ్లు తాగి, నా కుట్టుమిషను పక్కనున్న బల్ల మీద కూర్చుని, జరిగింది చెప్పారు. కంపెనీ మనిషిని పిలిపించారట. అతను కారు జ్ఞాపకాన్ని తవ్వి, ఈ డ్రైవరు ఒక్కరోజు కూడా అద్దాన్ని రోడ్డు వైపు పెట్టలేదు, ఎప్పుడూ వెనక సీటు మీదే పెట్టాడు అని చూపించాడట. ఎందుకలా అని యజమాని అడిగాడు. మా ఆయన ఏమీ చెప్పలేకపోయారు. ఇక రేపట్నుంచి రావద్దన్నాడు. పిల్లికి వేరే డ్రైవరు కూడా వచ్చేశాడు.

"నేను చాటుగా విన్నానట," అన్నారు మా ఆయన. అని నవ్వారు. "నేను! వినడమట!"

ఆ నవ్వు నేను భరించలేకపోయాను. మిషను ముందుకు తిరిగి, చేతికందిన గుడ్డ సూది కింద పెట్టాను.

ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు. అమ్ముతున్నారని తనకు కూడా గేటు దగ్గరే తెలిసిందన్నారు. తను నాతో తప్ప ఎవరితోనూ ఏమీ అనలేదన్నారు. నాతో అన్నది కూడా నమ్మకం గురించి. అంతవరకు వచ్చి ఆగారు. తర్వాత మెల్లగా అడిగారు.

"మీ తమ్ముడితో నువ్వేమైనా అన్నావా?"

చెవిటివాళ్లతో కాపురం చేసేవాళ్లకు ఒక దొంగదారి ఉంటుంది. మొహం తిప్పుకుని ఏమన్నా చెల్లిపోతుంది. ఎన్నిసార్లు కోపమొచ్చినప్పుడు అలా గోడతో తిట్టుకోలేదు! ఆ రోజు కూడా నిజం దాచే ధైర్యం లేదు, మొహం మీద చెప్పే ధైర్యమూ లేదు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, ఆయనకు వీపు చూపిస్తూ, నేనే చెప్పాను, పిల్లల మొహం చూసి చెప్పాను, మీకిలా అవుతుందనుకోలేదు అని మొత్తం చెప్పేశాను. చెప్పి తలెత్తాను.

ఎదురుగా గోడకు నిలువెత్తు అద్దం. అందులో నా వెనక ఆయన. ఆయన కళ్లు అద్దంలో నా పెదాల మీద ఉన్నాయి.

ఆయన లేచి లోపలికెళ్లారు. చొక్కా మార్చుకున్నారు. అన్నం పెట్టమన్నారు, తిన్నారు, పడుకున్నారు. సాయంత్రం బజారు నుంచి కూరలు తెచ్చారు. కోపంగా ఒక్క మాట అన్నా నాకు ప్రాణం కుదుటపడేది. అనలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన మనసులో ఏముందో నాకు అంతుపట్టలేదు. సిగ్గుతో, భయంతో ఆ రెండు రోజులూ నేను ఏ బట్టా సరిగ్గా కుట్టలేదు.

సోమవారం పొద్దున, పద, యజమాని దగ్గరికి వెళదాం అన్నారు. ఎందుకో చెప్పలేదు. దారిపొడుగునా అనుమానమే నన్ను తినేసింది. నన్ను అప్పగించడానికే తీసుకెళుతున్నారేమో అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ తలవంచుకుంటాను గానీ, ఆ రోజు అలా అనుకోవడం మాత్రం నిజం.

యజమాని గది పెద్దది, చల్లగా ఉంది. ఆయన కూర్చోమనలేదు. మా ఆయన నిలబడే చెప్పారు.

"అయ్యా, నాకు వినపడదు. అద్దం మీ పెదాల కోసం తిప్పుకున్నాను. చాటుగా వినడానికి కాదు."

యజమాని ఎప్పట్నుంచి అని అడిగాడు. మీ ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర ఎనిమిదేళ్లు చేశాను, బయటికొచ్చేసరికే ఇలా ఉంది అన్నారు మా ఆయన. నిష్ఠూరంగా కూడా అనలేదు. యజమాని చూపు బల్ల మీదికి పోయింది. ఇరవై రెండేళ్లు తను ఎవరి వెనక కూర్చున్నాడో అప్పుడు లెక్క వేసుకున్నట్టున్నాడు. అయినా వ్యాపారం చేసే మనిషి కదా, అనుమానం అంత తేలిగ్గా వదలదు. బల్ల మీది ఫైలొకటి తీసి, చదువుతున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో అన్నాడు.

"ఇది నిజమే అయితే, బయటికి చెప్పిందెవరు?"

మా ఆయన కదల్లేదు. యజమాని ఏదో అన్నాడని ఆయనకు తెలిసింది, ఏమన్నాడో తెలియలేదు. నా వైపు తిరిగారు. ఎప్పుడూ అంతే, ఏదైనా అందకపోతే నా మొహం చూస్తారు, నేను చెబుతాను. ఆ రెండు కళ్లలో అనుమానం లేదు. ఏమన్నారు అని అడుగుతున్నాయి, అంతే. తెలియదని నేను ఒక్క మాట అంటే అంతటితో అయిపోయేది. అలా అన్నా ఆయన ఒప్పుకునేవారు, ఆ సంగతీ నాకు తెలుసు.

నేను యజమాని వైపు చూడలేదు. మా ఆయన వైపు తిరిగి, నోరు బాగా విప్పి, ప్రతి అక్షరం కనిపించేలా యజమానికి జవాబు చెప్పాను.

"నేను చెప్పానయ్యా. ఈయన నమ్మకం అనుకుని నాకు చెప్పారు. నమ్మకానికి గడువుండదు కదా. అది అమ్మకమని నేను కనిపెట్టి, నావాళ్లకు చెప్పాను."

యజమాని ఫైలు దించాడు. ఆ రెండు మాటలూ పైకి అనకుండా తనలో తనే అని చూసుకున్నాడు, నాకు కనిపించింది. నీవాళ్లంటే ఎవరు, ఏ పనిలో ఉన్నారు అని అడిగాడు. చెప్పనన్నాను. చెప్పకపోయినా తెలుసుకుంటానన్నాడు.

"తెలుసుకుని ఏం చేస్తారయ్యా? వానలు పడేలోపు ఎలాగూ అందర్నీ పంపేస్తున్నారు," అన్నాను.

అంత మాట ఎలా అన్నానో నాకు తెలియదు. మేనేజరు అక్కడే ఉంటే మమ్మల్ని గెంటించేవాడేమో. యజమాని మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. డ్రైవరు పని ఇక కుదరదని, అది కోపంతో అంటున్నది కాదని, వినపడని మనిషికి బండి ఇవ్వకూడదని అన్నాడు. కళ్లు మూసుకునే అన్నాడు గానీ మొహం మా ఆయన వైపే పెట్టాడు. మా ఆయన అర్థమైందన్నట్టు తలూపారు. మిగతా రెండేళ్లూ, దండా, అన్నీ ఆ తలూపులో పోయాయి. గుమ్మం దాకా వచ్చాక యజమాని వెనక నుంచి, ఎండ బాగా ఉంది, కారు దింపుతుంది అన్నాడు. నేనే విన్నాను. మా ఆయనకు నేనే చెప్పాను.

అలా మేమిద్దరం పిల్లి వెనక సీట్లో కూర్చున్నాం. మా ఆయన ఎన్నడూ వెనక కూర్చోలేదు. మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నారు. ముందు కొత్త డ్రైవరు. ముప్పై ఏళ్లుంటాయి, మెడ నిటారుగా పెట్టి నడుపుతున్నాడు. కారు బయల్దేరిందో లేదో ఆయనకు తెలియలేదు, కిటికీలో చెట్లు కదిలాక తెలిసింది.

రోడ్డెక్కాక నాకు దుఃఖం ఆగలేదు. ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఆయన చేతిలోంచి స్టీరింగు తీసేసింది యజమాని కాదు, కారు కాదు, నేను. ఆ మాట చెప్పాలి. కానీ ఆ కార్లో ఊపిరి తీసినా ముందుకు వినిపిస్తుంది. ఆ కొత్త మనిషి చెవులు రెండూ మా మీదే ఉన్నాయని అతని మెడ చెబుతోంది. ఒకరి గుట్టు మోసుకుపోయి ఇంకొకరికి చేరవేయడం ఎలా జరుగుతుందో నాకంటే ఎవరికి బాగా తెలుసు?

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. నా వైపు చూశారు. గొంతులోంచి గాలి కూడా రాకుండా, పెదాలతో మాత్రమే అడిగాను. నా మీద కోపంగా ఉందా?

ఆయన చదివారు. చెవులు వినపడనివాళ్లకు తమ గొంతెంతో తెలియదు కదా.

"ఉంది," అన్నారు, ఆ నిశ్శబ్దం అదిరిపోయేలా. "చాలా ఉంది. తీరిగ్గా పోట్లాడుకుందాం, ఇప్పుడు నాకు పనేముంది?"

కొత్త డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. కారు ఒక్క క్షణం పక్కకు ఊగి సర్దుకుంది. నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని దించి, ఇంకా గట్టిగా అడిగారు.

"మీ తమ్ముడు ఆ పళ్లరసాల ఉద్యోగానికి ఒప్పుకున్నాడా లేదా?"

ఒప్పుకున్నాడని తలూపాను. అడిగిన గడువులోపే జవాబు పంపాడని వేళ్లతో, పెదాలతో చెప్పాను.

"అయితే సరే," అన్నారు మా ఆయన. చెయ్యి మాత్రం వదల్లేదు.